దుప్పటి అందుకున్న అభిమాని

విజయవాడ, వన్‌టౌన్
6 డిసెంబరు 1998

అక్కయ్యకి మల్లేశ్వరరావు నమస్కారాలు.

ఇక్కడ పద్మశ్రీ, పిల్లలు, నేను బాగున్నాం. కొట్లో చీరల అమ్మకం కూడా బాగుంది. నువ్వు ఎస్టీడీ బూతు నించి ఫోను చేస్తే మీటరు వంక చూస్తూ అన్నిటికీ ‘సరే సరే’ అంటావు. తరవాత అడిగితే ఏదీ గుర్తుండదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మన చల్లపల్లి వాలీబాల్ జట్టంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. పామర్రులో మ్యాచ్ ఉందని పెళ్ళిచూపుల రోజు మార్పించిన వాణ్ణి. పద్మశ్రీ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. బెజవాడ వచ్చి కొట్టు పెట్టుకున్నా నా మనసు మన ఊరి వాలీబాల్ కోర్టు చుట్టూనే తిరుగుతుంటుంది.

నిన్న చేపల వ్యాను నడిపే శౌరయ్య కొట్టుకొచ్చి ఒక సంగతి చెప్పాడు. డ్రిల్లు మాస్టారు కొండలయ్య గారు రిటైరయ్యాక మన జట్టుకి కోచ్ అయ్యారట. అయిన దగ్గరనించీ ఆటగాళ్ళ చేత చేపల మార్కెట్ ఊడిపిస్తున్నారట. కెప్టెన్ మణికుమార్ కూడా ఊడుస్తున్నాడట. జిల్లాలో వాడంత ఎత్తుకి ఎగిరి కొట్టేవాడు లేడు. అలాంటి వాడి చేతికి చీపురిస్తారా? ఈ ఏడు డెల్టా కప్పు మనకి రాకపోతే దానికి మాస్టారే కారణం.

నువ్వు ఆయన దగ్గర చదువుకున్నదానివి, నీ మాట వింటారు. వెళ్ళి గట్టిగా మందలించు. మ్యాచ్‌లు కూడా చూసి వివరంగా రాయి. బావని అడిగితే గెలిచాం, ఓడాం అని తప్ప ఇంకో ముక్క రాయరు.

నీ తమ్ముడు
మల్లేశ్వరరావు


చల్లపల్లి
20 డిసెంబరు 1998

తమ్ముడికి శివపార్వతి ఆశీస్సులు.

నువ్వు చెప్పావని మాస్టారిని మందలించడానికి వెళ్ళాను. చివరికి తేలిందేమిటంటే, ఇప్పుడు మీ బావ కూడా చేపల మార్కెట్ ఊడుస్తున్నారు. ఎలా జరిగిందో రాస్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

పోయినేడు మన అభిమానులు రిఫరీ సైకిలు తీసుకెళ్ళి కాలవలో పడేశారు, గుర్తుందా? దాన్ని మణికుమారే దూకి పైకి తీశాడట. మాస్టారు అది మనసులో పెట్టుకున్నారు. మన ఊరి వాళ్ళు బూతులు తిట్టడం మానితే తప్ప జట్టుకి గౌరవం రాదని ఆయన వాదన. అందుకని ఒక కొత్త పద్ధతి పెట్టారు. మ్యాచ్‌లో మనవాళ్ళెవరు రిఫరీని తిట్టినా మర్నాడు పొద్దున ఆ మనిషి తరఫున కెప్టెన్ చేపల మార్కెట్ ఊడవాలి.

ఇదంతా నాకు చెప్పి, మ్యాచ్ చూసి అప్పుడు మందలించమ్మా అన్నారు. సరేనని మీ బావతో వెళ్ళాను. ఆ ఆటేమిటో నాకు అర్థం కాలేదు. అంత కష్టపడి అందుకున్న బంతిని ఎవరూ ఉంచుకోరు, అవతలి వాళ్ళ మీదకి తోసేస్తారు. అంతలో మీ బావ లేచి నిలబడి రిఫరీని, ఆయన్ని కన్నవాళ్ళని కలిపి ఒక మాట అన్నారు. ఇన్నేళ్ళ కాపరంలో ఆ మాట నేను వినలేదు. మాస్టారు మైకు తీసుకుని, “నేతపని రామకోటేశ్వరరావు గారి తరఫున రేపు మన మణికుమార్ మార్కెట్ ఊడుస్తాడు” అని చెప్పి కూర్చున్నారు.

మర్నాడు చేపలకి వెళ్ళాను. మణికుమార్ పొలుసుల మధ్య వంగి ఊడుస్తున్నాడు. వచ్చేపోయే వాళ్ళందరూ ఎవరి తరఫున అని అడగడం, వాడు ఎంతో మర్యాదగా మీ బావ పేరు చెప్పడం. వాళ్ళమ్మ పేరమ్మ అక్కడే చేపలమ్ముతుంది. నాకు అమ్మనంది.

“మీ ఆయన నోరు కడగటానికి నా కొడుకు చేతులు కావలిసొచ్చినయ్యా అమ్మా?” అంది.

ఇంటికొచ్చి ఆ మాట మీ బావకి చెప్పాను. ఆ పూట ఆయన మగ్గం ముందు కూర్చున్నారు గానీ మగ్గం చప్పుడు వినపడలేదు. తరవాతి ఆదివారం నేను లేచేసరికి మనిషీ లేరు, పెరట్లో చీపురూ లేదు. ఎవరూ రమ్మనలేదు, తనే వెళ్ళారు. ఆయన్ని చూసి మరికొందరు వెళ్తున్నారు. మార్కెట్ ఎంత శుభ్రంగా ఉందంటే ఈగలు కూడా కూచిపూడి వైపు వెళ్ళిపోయినట్టున్నాయి.

నిన్న మళ్ళీ మ్యాచ్ జరిగింది. మీ బావకి కోపం వచ్చి లేచారు. నేను పంచె పట్టుకు లాగాను. ఆయన గొంతు సవరించుకుని, “రిఫరీ గారూ, తమరు ఆ గీత వంక కూడా ఒకసారి దయచూడండి” అన్నారు. రిఫరీ ఆశ్చర్యపోయి నిజంగానే గీత వంక చూశాడు. మనవాళ్ళు గెలిచారు. ఎంతకి గెలిచారని మాత్రం అడక్కు. అప్పుడు నేను అవతలి జట్టు పిల్లాడి మోకాలికి కట్టు కడుతున్నాను.

నీ అక్క
శివపార్వతి


విజయవాడ
24 జనవరి 1999

అక్కయ్యకి,

మందలించమని పంపిస్తే కట్లు కట్టి వచ్చావు. బావని కూడా పాడు చేశారు. టిక్కెట్టు కొన్నవాడికి తిట్టుకునే స్వేచ్ఛ లేకపోతే వాడు అభిమాని ఎలా అవుతాడు? జట్టు ఆడాలి, మనం అరవాలి. మన గుణగణాలు బాగుచెయ్యమని జట్టుని ఎవరడిగారు?

సేవ చెయ్యొద్దని నేననను. దానికీ ఒక పద్ధతుంటుంది. ఇక్కడ ఒక కూల్‌డ్రింకుల కంపెనీ వాళ్ళు బెజవాడ బుల్లెట్స్ అని జట్టు పెట్టారు. మొన్న దారిన పోతూ ఊరికే చూశాను. కూర్చోడానికి మెత్తటి కుర్చీలు, తాగినంత కూల్‌డ్రింకు. కెప్టెన్ దుర్గాశంకర్ తెల్లటి బూట్లేసుకుని వస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. సేవ వ్యవహారాలు చూడ్డానికి కంపెనీలో ప్రత్యూష అని ఒక అమ్మాయే ఉంది. మొక్క నాటితే మొక్క కన్నా పెద్ద బ్యానరు కడతారు. మైకులో చెబుతారు, మర్నాడు పేపర్లో వస్తుంది. చేసిన మంచి నలుగురికీ కనపడాలి కదా. చేపల పొలుసుల్లో ఊడిస్తే ఎవరు చూస్తారు?

నేనేదో ఉన్నమాట చెప్పాను. అంతకు మించి నాకూ ఆ జట్టుకీ సంబంధం లేదు. కొట్లో పని ఎక్కువగా ఉండి ఈ మధ్య గడ్డం కూడా గీసుకోవడం లేదు.

నీ తమ్ముడు
మల్లేశ్వరరావు


చల్లపల్లి
14 మార్చి 1999

ఒరే మల్లేశూ,

నువ్వు ఎలా ఉన్నావు, ఏం తింటున్నావు? ఎంత కష్టమొస్తే మాత్రం తోడబుట్టినదానికి ఒక్క ముక్క రాయవా?

ఇవాళ పేపర్లో జిల్లా పేజీలో నీ ఫొటో చూశాం. మాసిన గడ్డం, రేగిన జుట్టు, చేతులు చాచి వంగి నిలబడ్డావు. తెల్ల బూట్ల అబ్బాయి నీ భుజం మీద దుప్పటి కప్పుతున్నాడు. ‘చలికి వణుకుతున్న నిరుపేదకు దుప్పటి అందిస్తున్న బుల్లెట్స్ కెప్టెన్ దుర్గాశంకర్’ అని కింద రాశారు. మార్చి నెలలో వణుకుతున్నావంటే చలిజ్వరమేమోనని ఇంకా భయమేసింది. ఫోను బూతుకి పరిగెత్తితే లైన్లు పనిచెయ్యడం లేదు.

పొద్దున్నుంచీ ఇల్లు పరామర్శలకొచ్చిన వాళ్ళతో నిండిపోయింది. పక్కింటి సంపూర్ణమ్మ గారు నన్ను పట్టుకుని ఏడ్చి, ఏడుపు మధ్యలో కొట్టు ఎవరు కొన్నారని అడిగింది. నాకు చేపలమ్మనన్న పేరమ్మ ఈవేళ బుట్టలో కొరమీను తెచ్చి గుమ్మంలో పెట్టి, డబ్బులిస్తే తీసుకోకుండా వెళ్ళిపోయింది. మీ బావ ముందు గది ఖాళీ చేసి సున్నం వేయిస్తున్నారు. నువ్వు, పద్మశ్రీ, పిల్లలు వచ్చి ఇక్కడే ఉండాలట.

సాయంత్రం మాస్టారు, మణికుమార్, జట్టు కుర్రాళ్ళందరూ వచ్చారు. ఇన్నేళ్ళు మన జట్టు కోసం గొంతు చించుకున్న మనిషి పరాయి జట్టు ముందు చెయ్యి చాచాల్సి రావడం మనందరికీ తలవంపులు అన్నారు మాస్టారు. వచ్చే ఆదివారం పామర్రు వాళ్ళతో నీ సహాయార్థం ఒక మ్యాచ్ పెట్టారు. టిక్కెట్టు లేదు. వచ్చినవాళ్ళు ఎవరికి కలిగినంత బియ్యం వాళ్ళు తేవాలి.

వెంటనే జవాబు రాయి. గడ్డం గీసుకోవడానికి కూడా వీలు లేకపోయిందని నువ్వు రాసినప్పుడే నాకు తెలియాల్సింది.

అక్క


విజయవాడ
17 మార్చి 1999

అక్కయ్యా,

ఆ మ్యాచ్ ఆపించు. నీకు దణ్ణం పెడతాను. నాకేం కాలేదు, కొట్టు నాదే, చలిజ్వరం కూడా లేదు.

జరిగింది చెబుతాను. బావకి తప్ప ఎవరికీ చెప్పకు. నేను దారిన పోతూ చూశానన్నది నిజం కాదు. డిసెంబరు నించీ నేను బుల్లెట్స్ అభిమాన సంఘానికి గౌరవాధ్యక్షుణ్ణి. జేబుకి పెట్టుకునే రిబ్బను బ్యాడ్జి కూడా ఇచ్చారు. వాళ్ళు డెల్టా కప్పు ఫైనల్‌కి వచ్చేదాకా గడ్డం తియ్యనని మొక్కుకున్నాను.

ఆ రోజు కంపెనీ గోదాము ముందు దుప్పట్ల పంపిణీ పెట్టారు. బ్యానరు వచ్చింది, మైకు వచ్చింది, ఫొటోగ్రాఫరు వచ్చాడు. కాలవగట్టు నించి పేదవాళ్ళని ఎక్కించుకు రావడానికి వెళ్ళిన లారీ ఖాళీగా తిరిగొచ్చింది. ఎవరూ ఎక్కలేదట. ఫొటోగ్రాఫరు ఏదో పెళ్ళికి వెళ్ళాలని తొందరపడుతున్నాడు. ప్రత్యూష కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసి, సంఘం వాళ్ళనే కాసేపు వరసలో నిలబడమంది. అందరిలోకీ గడ్డం నాకే ఉంది. నన్ను ముందు పెట్టారు. వాచీ తీయించి, టక్కు లాగేయించి, “అంకుల్, కొంచెం వంగండి, ఇంకొంచెం” అంటూ నన్ను నిరుపేదని చేశారు. కెప్టెన్ నన్ను ముట్టుకుంటున్నాడన్న సంతోషంలో నాకు మిగతాది తోచలేదక్కయ్యా. ఫొటో కాగానే దుప్పట్లు వెనక్కి తీసుకున్నారు. గుడివాడలో పంచడానికి కావాలట.

పద్మశ్రీ ఆ ఫొటో కత్తిరించి కొట్లో గల్లాపెట్టె వెనక అద్దానికి అంటించింది. తియ్యమంటే తియ్యదు. దాన్ని చూసిన ఆడవాళ్ళు పాపం అనుకుని బేరమాడకుండా చీరలు కొనుక్కెళ్తున్నారు. ఇంతకన్నా అవమానం ఉందా?

ఎలాగైనా మ్యాచ్ ఆపించు.

మల్లేశు


చల్లపల్లి
26 మార్చి 1999

తమ్ముడికి,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మ్యాచ్ ఆదివారమే అయిపోయింది.

పామర్రు, కూచిపూడి, ఇటు నాగాయలంక నించి కూడా జనం వచ్చారు. అందరి చేతుల్లో బియ్యం సంచులే. పామర్రు జట్టు వాళ్ళు తమ ఊళ్ళోనే పోగుచేసి, బండి మీద వేసుకొచ్చి మరీ మనతో ఆడారు. పోయినేడు మనవాళ్ళు కాలవలో పడేసిన సైకిలు తాలూకు రిఫరీ గారు కూడా సంచి తెచ్చి, నీ పేరు చెప్పి ఇచ్చి ఈల వేశారు. నేను అరిచాను తమ్ముడూ. మణికుమార్ ఎగిరినప్పుడల్లా అరిచాను. సంపూర్ణమ్మ గారు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

మర్నాడు నీ ఉత్తరం చదివి మీ బావకి నవ్వి నవ్వి పొలమారింది. నాకు నవ్వు రాలేదు. అంతమంది ముందు జట్టు పరువేమవుతుందని భయమేసింది. దాచడానికి మనసొప్పక మాస్టారింటికి వెళ్ళాను. మణికుమార్ అక్కడే ఉన్నాడు. ఉత్తరంలో సంగతి ఇద్దరికీ చెప్పాను. మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నవ్వాపుకోడానికేనని నాకు తెలిసింది. మణికుమార్ మాత్రం నవ్వలేదు.

“లారీ ఎక్కని వాళ్ళున్నారు గదండీ కాలవగట్టు మీద. వాళ్ళెందుకు ఎక్కలేదో మల్లేశ్వరరావు గారిని కనుక్కోమనండి. ఈ బియ్యం వాళ్ళకి ఆయన చేత్తోనే ఇవ్వమనండి” అన్నాడు.

అందుకని బియ్యం శౌరయ్య వ్యానులో పంపిస్తున్నాం. కొంచెం చేపల వాసన కొడుతుంది, ఆరబెట్టు. మాస్టారు ఒక్క షరతు పెట్టారు. ఫొటో తియ్యించకూడదట.

అక్క


విజయవాడ
12 ఏప్రిల్ 1999

అక్కయ్యకి నమస్కారాలు.

బియ్యం చేరింది. కొట్టు ముందు దింపేసరికి వీధంతా మూగింది. పద్మశ్రీ ఆ సంచుల మీద రాసిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివి, నావైపు చూసి లోపలికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

రిక్షా మాట్లాడుకుని బందరు కాలవగట్టుకి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఆ వంతెన మీంచి పోతున్నాను గానీ కిందికి దిగడం ఇదే మొదలు. నన్ను చూడగానే కొందరు గుడిసెల్లోకి వెళ్ళిపోయారు. శౌరమ్మ అని ఒక పెద్దావిడ మాత్రం నిలబడి, మళ్ళీ లారీ వచ్చిందా అని అడిగింది. రిక్షాయేనమ్మా అన్నాను. ఆ రోజు లారీ ఎందుకు ఎక్కలేదని అడిగాను.

“పోయిన తడవ ఎక్కామయ్యా. దుప్పట్లిచ్చారు. ఇంటికి తెచ్చుకున్నాం. మా ముసలాయన కప్పుకుని పడుకున్నాడు. ఆయన్ని లేపి మరీ దుప్పటి లాక్కెళ్ళారు” అంది.

అక్కయ్యా, నా ఒంటి మీంచి తీసినప్పుడు నాకు ఫొటో బాగా వచ్చిందా లేదా అన్న ధ్యాసే గానీ ఇంకేమీ అనిపించలేదు. ఆవిడ ఆ మాట అన్నాక నేనే ఒక సంచి భుజాన వేసుకున్నాను.

బియ్యం దింపుతుంటే ఆవిడ చుట్టూ చూసింది. ఫొటోల మనిషి ఎక్కడున్నాడంది. లేడన్నాను. నమ్మలేదు. రిక్షా సీటు కింద కూడా వంగి చూసింది. మళ్ళీ ఎప్పుడు పట్టుకెళ్తారంది. పట్టుకెళ్ళరన్నాను. మరి ఎవరిచ్చారంది. చల్లపల్లి అని ఒక ఊరుంది, అక్కడ మణికుమార్ అని ఒక కుర్రాడున్నాడు, ఎగిరి బంతి కొడతాడు అని మొదలుపెట్టి, నాకు తెలిసినంతా చెప్పాను. మార్కెట్ ఊడవడం చెప్పాను. బావ సంగతి కూడా చెప్పాను, ఏమీ అనుకోవద్దని ఆయనకి చెప్పు.

నిన్న ప్రత్యూషని కలిసి ముసలాయన సంగతి చెప్పాను. ఆ పిల్లకి తెలియదట. దుప్పట్లు ఒక్క లారీయేనని, అదే ఊరూరా తిరుగుతుందని మాత్రం తెలుసట. బల్ల మీద పెన్ను తిప్పుతూ, పైవాళ్ళకి రాస్తానంకుల్ అంది. బ్యాడ్జి ఆ బల్ల మీద పెట్టి వచ్చేశాను. గడ్డం గీయించుకున్నాను.

కానీ ఒక చిక్కొచ్చింది. ఈ నెల పాతికన ఇక్కడే డెల్టా కప్పు ఫైనల్. ఒక పక్క మనం, ఇంకో పక్క బుల్లెట్స్. నన్ను చూసి మన కుర్రాళ్ళు ఏమనుకుంటారోనని వెళ్ళాలంటే సిగ్గుగా ఉంది.

మల్లేశు


చల్లపల్లి
17 ఏప్రిల్ 1999

తమ్ముడికి ఆశీస్సులు.

బుల్లెట్స్ వైపు కూర్చుంటావా, మన వైపు కూర్చుంటావా అని నేనడగను. మీ బావ అడుగుతున్నారు. ఆయనకి మగ్గం మీద పట్టుచీర పని ఉంది, పాతికకల్లా ఇచ్చి తీరాలి. లేకపోతే ఇద్దరం వచ్చేవాళ్ళం.

సిగ్గు సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు గట్టుకి వెళ్ళిన సంగతి మణికుమార్‌కి చదివి వినిపించాను. వాడు బుల్లెట్స్ గురించి అడగలేదు. ముసలాయనకి ఇప్పుడు దుప్పటుందా అని అడిగాడు. అదేమో నువ్వు రాయలేదు.

అక్క


విజయవాడ
26 ఏప్రిల్ 1999

అక్కయ్యకీ, బావగారికీ మల్లేశ్వరరావు నమస్కారాలు.

ముందుగా, ఉంది. మీ ఉత్తరం అందిన రోజే కొట్లోంచి రెండు దుప్పట్లు తీసుకెళ్ళి ఇచ్చాను. ఏప్రిల్ ఎండలో దుప్పటేమిటని ముసలాయన నన్ను కసిరాడు గానీ, మడత పెట్టి తల కింద పెట్టుకున్నాడు.

ఇక మ్యాచ్ సంగతి. ఓడిపోయాం. మూడు సెట్లూ ఓడిపోయాం. మొహమాటానికి కూడా ఒక సెట్టు ఇవ్వలేదు. దుర్గాశంకర్ ఆడిన ఆట నేనెప్పుడూ చూడలేదు. మన మణికుమార్ రెండుసార్లు గోడ కూలినట్టు పడి లేచాడు. బావగారూ, మన బంతి గీత మీద పడితే బయటపడిందన్నారు. నేను లేచాను. నోటి దాకా వచ్చింది. భుజం మీద తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. పక్కనున్నాయన నాకేదో నొప్పి వచ్చిందనుకుని సోడా తెప్పించాడు.

మన వైపే కూర్చున్నాను. ఒక్కణ్ణే కాదు. ముందు రోజు శౌరమ్మకి ఆ బంతి కొట్టే కుర్రాడు ఊళ్ళోకొస్తున్నాడని చెప్పాను. మ్యాచ్‌కి గట్టు మీద సగం గుడిసెలు కదిలొచ్చాయి. వాళ్ళకి ఆట తెలియదు. బంతి ఎవరి వైపు పడ్డా చప్పట్లు కొట్టారు. బుల్లెట్స్ వాళ్ళకి కూడా కొట్టారు. వద్దని చెప్పబోయి, ఎందుకు వద్దో చెప్పలేక ఊరుకున్నాను.

అయిపోయాక బుల్లెట్స్‌ని హారాలతో వ్యానులో హోటలుకి తీసుకెళ్ళారు. మనవాళ్ళు నెట్టు పక్కన కింద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు. మాస్టారు అందరికీ నీళ్ళిస్తున్నారు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మణికుమార్ లేచి, “బాగున్నారాండీ?” అన్నాడు. బాగున్నానన్నాను. గడ్డం తీసేశారేమండీ అన్నాడు. అప్పుడు మాత్రం కొంచెం నవ్వాడు.

వాళ్ళని హోటలుకి తీసుకెళ్దామనుకుంటున్నాను. అంతలో వెనక నించి శౌరమ్మ వచ్చింది. ఎవరు గెలిచారో ఆవిడకి అప్పటికీ సరిగ్గా తెలియదు. కుర్రాళ్ళ మొహాలు చూసి తెలుసుకుంది.

“మన పిల్లలు అన్నం తిన్నారా?” అంది.

నేను జవాబు చెప్పేలోగా మణికుమార్ చెయ్యి పట్టుకుని నడిపించుకు పోయింది. వాడి వెనక జట్టు, జట్టు వెనక మాస్టారు, చివర నేను. గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి ఎసరు పడేశారు. మీరు పంపిన బియ్యమే. ఒకామె చింతపండు పులుసు కాచింది, ఇంకొకామె ఎక్కడినించో ఎండుచేపలు తెచ్చింది. అందరం విస్తళ్ళు వేసుకుని వరసగా కూర్చున్నాం. పద్మశ్రీకి కబురు పంపితే తనూ పిల్లలూ వచ్చి వడ్డించారు. ఆ బియ్యం తామిచ్చినదేనని కుర్రాళ్ళెవరూ అనలేదు. మణికుమార్ మాత్రం అన్నం బాగా ఉడికిందని మారు అడిగి పెట్టించుకున్నాడు.

మళ్ళీ ఎప్పుడు ఆడతారని శౌరమ్మ అడిగింది. వానలు తగ్గాకనండి అన్నాడు వాడు. అయితే ఈలోగా సుబ్బరంగా తిను, ఆ తెల్లబూట్లవాడు నీకన్నా ఒళ్ళు చేసి ఉన్నాడు అంది.

నేనూ రెండోసారి పెట్టించుకున్నానక్కయ్యా. పులుసు కొంచెం ఉప్పగా ఉంది. మనం కప్పు గెలిచిన ఏడు మాస్టారింట్లో పెట్టిన విందులో కూడా నేనంత తినలేదు.

మీ
మల్లేశు